పౌను కథ: బంగారం, వెండి కొనడం మొదలుపెట్టేవాళ్ళకు కొంచెం చరిత్ర



ఈ మధ్య మన గుంపులో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. "నెలకు నాలుగైదు వేలు మిగులుతుంది. బంగారం కొనేదా, వెండి కొనేదా? నగల కొట్టులో సీటు కట్టేదా, ఫోనులో కొనేదా?" అని. రేటు ఏడ పోతుందో చెప్పడానికి నేను జోస్యం తెలిసినవాణ్ణి కాదు. రైల్వేలో గుమాస్తాగా లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది పాత లెక్క. అందుకే రేటు సంగతి వదిలి చరిత్ర చెబుతాను. నేను చదివింది తమిళ బడి, తెలుగు అక్షరం ఇంట్లో నేర్చింది. అక్కడక్కడ తమిళ మాట దొర్లితే మనందరికీ అలవాటే కదా.

చెప్పదలిచిన మాట ముందే చెప్పేస్తాను. బంగారం కొనడం అంటే నగ కొనడమే అని మనం అనుకుంటాం. మన పెద్దవాళ్ళకు నగ ఒక దారి, నాణెం ఇంకొక దారి. మధ్యలో 27 ఏళ్ళు ఒక చట్టం ఆ రెండో దారిని మూసింది. చట్టం 1990లో పోయింది. అలవాటు మాత్రం అలాగే నిలిచిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది.

వరహా నుంచి పౌనుకు

మన వాళ్ళు చాలామంది ఈ తమిళ సీమకు వచ్చింది విజయనగరం, నాయకుల కాలంలో. ఆ కాలపు బంగారు నాణెం వరహా. బరువు సుమారు మూడున్నర గ్రాములు. తమిళంలో వరాగన్ అన్నారు, ఇంగ్లీషువాళ్ళు పగోడా అన్నారు. మద్రాసులో కుంపిణీవాళ్ళు కూడా మొదట లెక్కలన్నీ వరహాలలోనే రాసుకున్నారు. 1818లో మద్రాసు రాజధాని లెక్కను వెండి రూపాయికి మార్చారు. అప్పుడు వరహాకు మూడున్నర రూపాయలు అని ధర కట్టారు.

1835లో కుంపిణీ పాలన అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. తులం అని మన ఆంధ్రా బంధువులు అనేది ఈ రూపాయి బరువునే. ఇప్పుడు అక్కడ అంగళ్ళలో తులం అంటే 10 గ్రాములు అని సర్దుకున్నారు. నెల్లూరు, చిత్తూరు చుట్టాలతో రేటు మాట్లాడేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. వాళ్ళు తులంలో చెబుతారు, మనం పౌనులో చెబుతాం.

ఆ పౌను ఎక్కడిది? ఇంగ్లాండు బంగారు నాణెం పేరు సావరిన్, విలువ ఒక పౌండు. ఒకే నాణేనికి రెండు పేర్లు. పౌండు తమిళంలో పౌను అయింది, సావరిన్ సవరన్ అయింది. మన ఇండ్లల్లో రెండూ వాడతాం, పైగా కాసు అని మన మాట కూడా వాడతాం. నాణెం బరువు 7.988 గ్రాములు. 22 క్యారెట్. లోపల ఉన్న అసలు బంగారం 7.322 గ్రాములు. ఇప్పుడు కొట్టులో పౌను అంటే 8 గ్రాములు అని గుండ్రంగా లెక్క వేస్తారు. 22 క్యారెట్ మన చేతికి అలవాటైన నాణ్యం అయింది కూడా ఈ నాణెం తోడుతోనే.

పంతొమ్మిదో శతాబ్దం చివర రూపాయిని సావరిన్‌కు కట్టారు. ఒక సావరిన్‌కు 15 రూపాయలు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ 1918లో బొంబాయిలోనే లండన్ టంకశాల శాఖ పెట్టి దాదాపు 13 లక్షల సావరిన్లు ముద్ర వేశారు. ఆ ఒక్క ఏడాదే. ఆ నాణేలమీద చిన్న ఐ అక్షరం ఉంటుంది. పాత కాసుమాల ఉన్న ఇండ్లల్లో భూతద్దం పెట్టి చూడండి, దొరకవచ్చు.

కాసుమాల గురించి ఒక్క మాట. నాణెం నాణెంగానే ఉండి, పైన కొక్కెం ఒకటి తగిలించి దారానికో గొలుసుకో గుచ్చిన నగ అది. బరువు తెలుసు, నాణ్యం తెలుసు. అవసరం పడితే ఒక కాసు తీసి అమ్మితే చాలు, మాల మొత్తం కరిగించనక్కరలేదు. మెడలో వేసుకునే నగ, ఇంట్లో పెట్టుకునే నిలవ, రెండూ ఒకటే. తర్వాత చేసిన నాణెం నమూనా కాసుమాలలు వేరు. అవి రేకు కాసులు, కూలి ఎక్కువ, బరువు తక్కువ.

వెండి దెబ్బ తిన్న కాలాలు

వెండి చవక కదా, దానితోనే మొదలుపెడదాం అనే పిల్లలు ఈ భాగం నిదానంగా చదవండి.

1893 దాకా ఎవరైనా వెండి తీసుకుపోయి టంకశాలలో ఇస్తే కూలి పట్టుకొని రూపాయలు కొట్టి ఇచ్చేవాళ్ళు. అంటే బీదవాడి ఇంట్లో కడియం, కాళ్ళ గొలుసు కూడా ఒక రకంగా రూపాయలే. 1870ల నుంచి ప్రపంచంలో వెండి ధర పడిపోతూ వచ్చింది. జర్మనీ వంటి దేశాలు వెండి వదిలి బంగారానికి మారాయి, కొత్త గనుల వెండి వచ్చి పడింది. 1893లో సర్కారు టంకశాలను ప్రజల వెండికి మూసేసింది. అప్పటినుంచి రూపాయి విలువ వేరు, రూపాయిలోని వెండి విలువ వేరు. వెండి నగలు దాచుకున్న బీద కుటుంబాల నిలవ ఒక ఉత్తరువుతో తరిగిపోయింది.

1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించారు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. పాత వెండి రూపాయలు కొనేటప్పుడు ఏడాది చూసి కొనండి అని చెప్పేది ఇందుకే. 1939 ముందరి రూపాయి, 1943 రూపాయి పక్క పక్కన పెడితే చూపుకు అన్నదమ్ములే. లోపలి వెండి ఒకటి కాదు.

ఆ తర్వాత 1980. అమెరికాలో హంట్ సోదరులు వెండిని కూడబెట్టి ధరను ఔన్సుకు 50 డాలర్ల దగ్గరకు తోశారు. జనవరిలో ఆ ధర. మార్చి 27న 11 డాలర్ల కిందికి పడింది. మళ్ళీ ఆ 50 దగ్గరకు రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పుడు కూడా నిలబడలేదు. అంటే శిఖరంమీద కొన్నవాడు 31 ఏళ్ళు కాచుకున్నా డాలర్లలో మొదలు కూడా చేతికి రాలేదు. వెండికి ఫ్యాక్టరీ వాడకం ఎక్కువ, సంత చిన్నది. అందువల్ల ఎక్కేటప్పుడు బంగారం కంటే వేగంగా ఎక్కుతుంది, దిగేటప్పుడు ఇంకా వేగంగా దిగుతుంది.

సేలం శెవ్వాపేటలో చేసే కొలుసులు దేశమంతా పోతాయి. మన ఆడబిడ్డల కాలికి అందం. కానీ కొలుసును పెట్టుబడి అనుకోవద్దు. అందులో వెండి ఎంత శాతమో కొనేటప్పుడు చాలామంది అడగరు, అమ్మేటప్పుడు మాత్రం కొట్టువాడు ముందు అదే అడుగుతాడు. వెండి నిలవ కోసం అయితే 999 ముద్ర ఉన్న కడ్డీ గానీ నాణెం గానీ. వేసుకోవడానికి అయితే 925.

1931: అమ్మక తప్పని బంగారం

1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. రెండు మూడేళ్ళలో మన దేశంలో పంట ధరలు దాదాపు సగానికి పడ్డాయి. కిస్తీ తగ్గలేదు, షావుకారి వడ్డీ తగ్గలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లాండు బంగారు ప్రమాణం వదిలేసింది. పౌండుకు కట్టిన రూపాయి కూడా దాంతో పాటు దిగింది. రూపాయిల్లో బంగారం ధర ఎక్కింది. 1927 చట్టం ప్రకారం తులానికి 21 రూపాయల 3 అణాల 10 పైసలు అని కట్టిన ధర వెనకబడిపోయింది.

అప్పుడు ఊళ్ళల్లో జరిగింది ఏమిటంటే, రైతు కుటుంబాలు నగలు తెచ్చి అమ్మాయి. పల్లె కంసాలి, పట్నం షావుకారు, బొంబాయి వ్యాపారి, అక్కడనుంచి ఓడ. ఏళ్ళ తరబడి బంగారం కొనే దేశం బంగారం అమ్మే దేశం అయింది. చరిత్ర రాసేవాళ్ళు దీన్ని ఆపద బంగారం అంటారు.

దీన్ని రెండు విధాలుగా చూడాలి. ఒకటి, బంగారం తన పని తాను చేసింది. పొలం వేలానికి పోకుండా ఎన్నో కుటుంబాలను కాపాడింది. రెండు, అవసరంలో అమ్మేవాడికి ధర అడిగే హక్కు ఉండదు. ఆ తర్వాత ఏళ్ళలో ధర ఇంకా పెరిగింది, అది కొన్న షావుకారికి పోయింది. ఇంట్లో బంగారం ఉండి చేతిలో రొక్కం లేని మనిషి ఎప్పుడూ తప్పు రోజున అమ్ముతాడు. పిల్లలకు ఇదే నా మొదటి మాట. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేయండి. బంగారం ఆ తర్వాత.

1963: నాణెం దారి మూసిన చట్టం

1962 అక్టోబరులో చైనా యుద్ధం. ప్రజలు రక్షణ నిధికి నగలు తీసి ఇచ్చారు. సర్కారుకు విదేశీ మారకం కరువు, మరోపక్క దొంగతనంగా బంగారం దేశంలోకి వస్తోంది. అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. నగ కాని బంగారం లెక్క చెప్పాలి. కొత్త నగ 14 క్యారెట్ మించి చేయకూడదు.

14 క్యారెట్ అంటే వందలో 58 పాళ్ళు మాత్రం బంగారం. పెండ్లికి తాళిబొట్టు 14 క్యారెట్‌లో చేయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? జనం కొనడం మానేశారు. దెబ్బ తగిలింది కంసాలికి. 22 క్యారెట్ మీద పని నేర్చిన చేతులు. గట్టి లోహం, కొత్త టంకం, పనిముట్లు వేరు, గిరాకీ లేదు. లక్షలమంది కంసాలులు పని పోగొట్టుకున్నారు. ఆత్మహత్యలు జరిగాయి, పార్లమెంటులో గొడవలు జరిగాయి. తరతరాల కొలిమి వదిలి మిల్లులో కూలికి, అంగట్లో గుమాస్తా పనికి పోయినవాళ్ళు ఈ తమిళ జిల్లాల్లో కూడా ఉన్నారు.

14 క్యారెట్ షరతు 1966లో తీసేశారు. కానీ 1968లో బంగారు నియంత్రణ చట్టం పూర్తి చట్టంగా వచ్చింది. దాని ప్రకారం కడ్డీ, బిస్కెట్ మామూలు మనిషి దగ్గర ఉండకూడదు. నాణేలమీద కట్టుబాట్లు. నగ మాత్రం ఉండవచ్చు. అది కూడా ఒక మనిషికి 2000 గ్రాములు, కుటుంబానికి 4000 గ్రాములు దాటితే లెక్క ఇవ్వాలి. మనలాంటి ఇండ్లకు ఆ హద్దు ఎప్పుడూ తగలదు. తగిలింది మొదటి మాట. నిలవ బంగారం నేరం, నగ బంగారం నేరం కాదు.

ఫలితం ఏమిటి? 1963 నుంచి 1990 దాకా పెరిగిన ఒక తరం మొత్తం బంగారం కొనాలంటే నగ ఒక్కటే నిర్భయమైన దారి. జీతం వచ్చిన గుమాస్తా, బోనస్ వచ్చిన మిల్లు కార్మికుడు, అందరూ గాజులూ గొలుసులూ కొన్నారు. కూలీ సేదారం పోతే పోనీ, పోలీసు రాడు అనే ధైర్యం. 1990 జూన్‌లో చట్టం రద్దయింది. తర్వాత బ్యాంకులు కూడా నాణేలు అమ్మాయి. అయినా మన ఇండ్లల్లో "ఆదా కోసం ఒక గాజు కొందాం" అనే మాట పోలేదు.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అప్పుడు జనం తిరగబడిన ఆ 14 క్యారెట్ నగలను ఇప్పుడు హాల్‌మార్క్ వేసి కొట్లలో పెట్టి అమ్ముతున్నారు. ధర పెరిగింది కాబట్టి జనమే అడిగి కొంటున్నారు. 2025లో 9 క్యారెట్‌కు కూడా హాల్‌మార్క్ ఇచ్చారు. అప్పుడు సర్కారు బలవంతం పెట్టింది, ఇప్పుడు ధర బలవంతం పెడుతోంది. వేసుకోవడానికి అయితే తప్పు లేదు. ఆదా అనుకొని కొంటే మాత్రం తూకంలో బంగారం ఎంత అని లెక్క వేసుకోవాలి.

కోలారు చెప్పే లెక్క

కర్ణాటక మన వాళ్ళకు కోలారు బంగారు గనుల గురించి నేను చెప్పనక్కరలేదు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్వింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుంచి తెలుగువాళ్ళు, తమిళులు పోయి ఆ సొరంగాల్లో దిగారు. 1902లోనే శివనసముద్రం నుంచి అక్కడికి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. దశాబ్దాల పాటు ఆ బంగారం ఓడెక్కి ఇంగ్లాండు పోయింది. 1956లో మైసూరు సర్కారు గనులను తీసుకుంది, తర్వాత కేంద్రానికి వచ్చాయి.

2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూశారు. రాతిలో బంగారం తగ్గింది, లోతు పెరిగింది, ఖర్చు అమ్మకం ధర కంటే చాలా ఎక్కువ అయింది. ఆ రోజుల్లో ప్రపంచంలో బంగారం ధర ఎంత? ఔన్సుకు 260 డాలర్ల దగ్గర. 1980 జనవరిలో 850 డాలర్లు ఉన్న బంగారం అది. 21 ఏళ్ళు దిగుతూ, నిలుస్తూ మూడో వంతుకు వచ్చింది. మళ్ళీ 850 చూసింది 2008 జనవరిలో. అంటే 28 ఏళ్ళు. గనులు మూసింది ధర అడుగున ఉన్న రోజుల్లో. కొన్నేళ్ళకే ధర ఎక్కడం మొదలైంది.

రూపాయల్లో ఇంత ఘోరం లేదు, ఎందుకంటే రూపాయి పడుతూ వచ్చింది. 10 గ్రాములు 1980లో సుమారు 1,330 రూపాయలు, 2001లో సుమారు 4,300. లెక్క వేస్తే ఏడాదికి సుమారు 5.7 శాతం. ఆ కాలంలో బ్యాంకు డిపాజిట్టుకు చాలా ఏళ్ళు 10 శాతం దగ్గర వడ్డీ వచ్చేది. ఇప్పుడు చివరి కొన్నేళ్ళ పరుగు చూసి "బంగారం ఎప్పుడూ పడదు" అనే పిల్లలు ఈ 21 ఏళ్ళను మరచిపోకూడదు. రెండేళ్ళలో చెల్లెలి పెండ్లికో, ఇంటి అడ్వాన్సుకో కావలసిన డబ్బు రేటుమీద ఆశతో బంగారంలో పెట్టవద్దు. పదేళ్ళు చూడకుండా ఉండగలిగిన డబ్బు పెట్టండి.

దేశమే కుదవ పెట్టిన ఏడాది

చట్టం రద్దయిన మరుసటి ఏడాదే, 1991 జూలైలో, మన రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల దగ్గర కుదవ పెట్టింది. ఇంగ్లాండు బ్యాంకు, జపాను బ్యాంకు. చమురు కొనడానికి డాలర్లు లేవు. సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. తర్వాత విడిపించుకున్నారు. 2009లో అదే రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్య నిధి నుంచి 200 టన్నులు కొన్నది. 2024లో ఇంగ్లాండులో ఉంచిన బంగారంలో 100 టన్నులు దేశానికి తెచ్చుకున్నది.

ఇంట్లో జరిగేదే దేశంలో జరిగింది. కష్టం వస్తే కుదవ, తేరుకుంటే విడిపింపు, బాగుంటే ఇంకొంచెం కొనడం. గమనించండి, కుదవ పెట్టారు, విడిపించే దారి ముందే చూసుకున్నారు. మనలో కొందరు కుదవ పెట్టిన డబ్బుతో మళ్ళీ బంగారం కొంటున్నారని విన్నాను. అది ఆదా కాదు, అప్పు చేసి ఆడే ఆట. ధర దిగితే రెండు నగలూ పోతాయి.

ఇప్పుడు ముందున్న దారులు

నగ. ఒక లెక్క చూపిస్తాను. 10 పౌనుల నగ, అంటే 80 గ్రాములు. సెయ్‌కూలి, సేదారం కలిపి 15 శాతం అనుకుందాం. మన ఆంధ్రా బంధువులు మజూరీ, తరుగు అనేది ఇదే. పైన 3 శాతం జీఎస్టీ. మీరు కట్టేది 94.76 గ్రాముల డబ్బు. అమ్మబోతే లెక్కకు వచ్చేది 80 గ్రాములే. అంటే ధర 18 శాతం పైగా పెరిగితే గానీ మొదలు చేతికి రాదు. అదే 80 గ్రాములు నాణేలుగా కొని కూలి 2 శాతం అనుకుంటే కట్టేది 84.05 గ్రాముల డబ్బు. తేడా పౌనుకు పైగా, ఇంకా చెప్పాలంటే పౌనున్నరకు దగ్గర. ఆ తేడా పోయేది గాలిలోకి.

రాళ్ళ నగ అయితే రాళ్ళ బరువు తీసి తూకం వేయించండి. పార్సిల్ ఆఫీసులో ఖాళీ పెట్టె బరువు తీసేసి సరుకు తూచినట్టు. బిల్లులో మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బరువు విడివిడిగా రాయించండి.

నాణ్యం. బంగారానికి హాల్‌మార్క్ 2000లో మొదలైంది, అప్పుడు ఇష్టం ఉన్నవాడే వేయించేవాడు. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు ఉంటేనే హాల్‌మార్క్ నగ అమ్మాలి. 22 క్యారెట్‌కు 916, 18కి 750, 14కి 585. ఆ ఆరు అక్షరాలు బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూస్తే నగ వివరం వస్తుంది. కొట్టులోనే నిలబడి చూడండి, సిగ్గుపడవద్దు. కేడీఎం అనే మాట విని నమ్మవద్దు. అది కాడ్మియంతో వేసిన టంకం పేరు, నాణ్యం ముద్ర కాదు.

నాణెం. బ్యాంకు నాణెం నాణ్యంలో మంచిదే, కానీ బ్యాంకు అమ్ముతుంది, తిరిగి కొనదు. ఎక్కడ తిరిగి కొంటారో ముందు అడిగి, అక్కడ కొనండి. కవరు, బిల్లు భద్రం.

నగల సీటు. 11 నెలల సీటు ఎందుకు 11 నెలలే? తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లో సరుకు ఇవ్వకపోతే కంపెనీల చట్టం దాన్ని డిపాజిట్టుగా చూస్తుంది. కాబట్టి సీటు కట్టేటప్పుడు మీరు అప్పిచ్చినవారు, కొట్టు అప్పు తీసుకున్నది. కొట్టు మూతపడితే వరసలో నిలబడాలి. మన రాష్ట్రంలో అలా మూతపడి జనం వీధిలో నిలబడిన సంగతి అందరికీ తెలుసు. పైగా చివర తీసుకునేది మళ్ళీ నగే. పెండ్లికి నగ కావాలంటే, నమ్మకమైన కొట్టు అయితే, సరే. పెట్టుబడికి ఇది దారి కాదు.

కాగితం బంగారం. 2007లో గోల్డ్ ఈటీఎఫ్ వచ్చింది, 2022లో వెండికి వచ్చింది. డీమ్యాట్ ఖాతా ఉంటే కొంచెం కొంచెం కొనవచ్చు, కూలి లేదు, దొంగ భయం లేదు, ఏటా చిన్న ఖర్చు ఉంటుంది. 2015 నవంబరులో సర్కారు బంగారు బాండ్లు తెచ్చింది. మొదటి విడత గ్రాము 2,684 రూపాయలకు ఇచ్చి, ఎనిమిదేళ్ళకు 2023 నవంబరులో 6,132 చొప్పున తిరిగి ఇచ్చారు, మధ్యలో వడ్డీ వేరే. బాగున్న దారి. కానీ 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడత ఇవ్వలేదు. సర్కారు తెరిచిన తలుపు సర్కారు మూయగలదు, 1963లోనూ చూశాం, ఇప్పుడూ చూస్తున్నాం. ఫోనులో అమ్మే డిజిటల్ గోల్డ్ తన పర్యవేక్షణ కిందికి రాదని సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. ఈటీఎఫ్, డిజిటల్ గోల్డ్ ఒకటి కాదు, గుర్తుంచుకోండి.

ఆడబిడ్డ పేరున

ఇది చెప్పకుండా ముగించలేను. మన సంబంధాలలో మొదటి పది మాటల్లో "ఎన్ని పౌనులు?" అనేది వచ్చేస్తుంది. పెండ్లికి పెట్టిన నగ ఆ పిల్లది. స్త్రీధనం భార్యదే, భర్తది గానీ అత్తింటిది గానీ కాదని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా ఆ నగ అత్తింటి బీరువాలో ఉండి, కుదవ రసీదు వేరేవాళ్ళ పేరున ఉంటే, తీర్పు ఏం కాపాడుతుంది? అందుకని బిల్లు పిల్ల పేరున రాయించండి. ఫోటో, బరువు ఒక కాగితంలో రాసి ఇవ్వండి. కొంత భాగం నగగా కాకుండా ఆమె డీమ్యాట్ ఖాతాలోనో, ఆమె పేరున ఉన్న లాకర్లో నాణేలుగానో ఇవ్వండి.

ఇంకొక అపోహ. పెండ్లయిన ఆడదానికి 500 గ్రాములు, పెండ్లి కానివాళ్ళకు 250, మగవానికి 100 దాటి ఉండకూడదు అని వాట్సాప్‌లో తిరుగుతుంది. అది హద్దు కాదు. 1994లో ఆదాయపు పన్ను అధికారులకు ఇచ్చిన సూచన. సోదా జరిగితే అంతవరకు నగలు జప్తు చేయవద్దు అని. బిల్లు, వారసత్వం రుజువు ఉంటే అంతకు మించి ఉన్నా తప్పు లేదు. కాబట్టి అవ్వ ఇచ్చిన నగకు కూడా ఒక చిన్న కాగితం రాసి పెట్టండి, ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారు అని.

అడిగిన పిల్లలకు నా వరస ఇది. మొదట చేతిలో రొక్కం. తర్వాత వేసుకోవడానికి కావలసిన నగ, దాన్ని ఖర్చు ఖాతాలో రాయండి. ఆదా కోసం నాణెం గానీ ఈటీఎఫ్ గానీ, నెలకు కొంచెం, రేటు చూడకుండా. మొత్తం ఆదాలో పదో వంతు, మించితే ఏడో వంతు. వెండి అందులో చిన్న పాలు. అప్పు చేసి కొనవద్దు. బిల్లు పారేయవద్దు.

పెద్దవాళ్ళకు ఒక మనవి. మీ ఇండ్లల్లో సావరిన్ కాసులు, పాత వెండి రూపాయలు ఉంటే వాటిమీది ఏడాది చూసి ఇక్కడ రాయండి. నాణేల ఫోటో పెట్టండి, ఇంటి చిరునామా మాత్రం పెట్టవద్దు. 1963 తర్వాత కొలిమి వదిలిన కుటుంబాలు మనలో ఎవరైనా ఉంటే ఆ కథ కూడా రాయండి. తమిళంలో రాసినా సరే, తెలుగు అక్షరాల్లోకి నేను మార్చి పెడతాను.